కింద ఏమీ ఉంచరాదు

మా అత్తగారిని వీధిలో అందరూ గుండీల పెద్దమ్మ అనేవారు. నేను మిషను మీద బడిపిల్లల చొక్కాలు కుడితే, ఆవిడ వాటికి చేత్తో కాజాలు కుట్టి గుండీలు వేసేది. ఆ పని ఇంట్లో కూర్చుని చేస్తే ఏం పోయిందో నాకు తెలిసేది కాదు. మా పాత ఇంటి గుమ్మం ముందు, వీధిలోకి పొడుచుకొచ్చిన రాతిమెట్టు ఒకటి ఉండేది. పొద్దున్నే మొహం కడుక్కుని దాని మీద కూర్చుందంటే మళ్ళీ వీధిదీపాలు వెలిగాకే లోపలికి రావడం. అన్నం కూడా అక్కడికే. ఒకరోజు విసుగొచ్చి, "మంచం కూడా ఇక్కడే వేసెయ్యమంటారా అత్తయ్యా?" అని అడిగాను.

"వేస్తే నేనేమైనా వద్దంటానా?" అంది.

కాజాలు కుట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. కుట్టు కుట్టుకీ మధ్య వేళ్ళే చూసుకునేవి. కానీ సూదిలో దారం ఎక్కించడానికి వేళ్ళు చాలవు, కళ్ళు కావాలి. అవి ఎప్పుడో మసకబారాయి. అందుకని దారం అయిపోయినప్పుడల్లా వీధిలో పోయేవాళ్ళని పట్టుకునేది. "ఎక్కడికా పరుగు? కాస్త ఈ దారం ఎక్కించి పో." ఎక్కించేవాళ్ళు నోరు మూసుకుని ఎక్కించరు కదా. కూరల బండాయన కొడుకు మాట వినడంలేదని చెప్పేవాడు. పోస్టాయన మోకాళ్ళ నొప్పి గురించి చెప్పేవాడు. ఎదురింట్లో ఇస్త్రీ చేసే వదినైతే సరేసరి, మొగుడి మీద చాడీలన్నీ ఒక్క సూదికే సరిపెట్టలేక రెండోది కూడా అడిగి తీసుకునేది. దారం సూదిలోకి దూరేలోగా వీధి సంగతులన్నీ ఆవిడ చెవిలో దూరిపోయేవి.

మా వీధి పల్లంలో ఉంటుంది. చివర్న ఏరు. మా అత్తగారు కాపురానికొచ్చిన కొత్తలో ఆ నీళ్ళు ఎప్పుడో ఒకసారి ఇళ్ళలోకి వచ్చేవట. నేనొచ్చాక ఏటా రావడం మొదలైంది. వాన పెద్దదైతే చాలు, మిషను నెత్తిన పెట్టుకుని నేనూ, వాళ్ళమ్మని వీపున వేసుకుని మా ఆయనా, మొలలోతు నీళ్ళలో బడిదాకా నడిచేవాళ్ళం. తిరిగొచ్చేసరికి చొక్కాల మూటలు బురద కొట్టుకుని ఉండేవి. ఉతికితే పోయే బురద కాదు అది. కాపురమంతా ఎండబెట్టుకోవడంతోనే సగం ఏడాది గడిచిపోయేది.

అలాంటప్పుడు ఇళ్ళు లేపే ప్రాజెక్టు వచ్చింది. ఎక్కడెక్కడి దేశాలో కలిసి సాయం చేస్తున్నాయట. వానలూ ఎండలూ ఇక మునుపటిలా ఉండవు కాబట్టి, మాలాంటి పల్లపు వీధుల్లో ఇళ్ళని నీళ్ళకందని ఎత్తులో స్తంభాల మీద కట్టిస్తారట. వచ్చిన ఇంజనీరు చిన్నపిల్ల. ఇంజనీరమ్మ అని పిలిచేవాళ్ళం. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. నీళ్ళు ఎంతదాకా వచ్చాయి, ఏమేం పోయాయి, ముసలివాళ్ళని ఎవరు మోశారు, అన్నీ అడిగింది. నేను గోడ మీద నీటి చార చూపించి, మిషను పెట్టుకోవడానికి కిటికీ పక్కన చోటు ఉండాలని గట్టిగా చెప్పాను.

మా అత్తగారు ఒక్కటే అడిగింది. "నా మెట్టు ఉంటుందా అమ్మా?"

"మెట్టెందుకు పెద్దమ్మా? పైన మీకు పెద్ద వరండా ఇస్తాం. చక్కగా గాలి తగుల్తుంది."

"గాలి సరేలే," అంది ఆవిడ. ఇంజనీరమ్మ నవ్వి, ఇంకో ఇంటికి వెళ్ళిపోయింది. నేనూ నవ్వాను.

మొదటి ఇల్లు మాదే. వీధిలో అందరికంటే పల్లంలో ఉన్నది మేమే కాబట్టి నమూనాకి మాది ఎంచుకున్నారు. మనిషెత్తుకు మించిన స్తంభాలు, మధ్యలో మలుపు తిరిగే ఇరుకు మెట్లు, పైన రెండు గదులు, వీధివైపు ఈ చివర నుంచి ఆ చివరదాకా వరండా. పునాది తవ్వేటప్పుడు రాతిమెట్టు పగిలి రెండు ముక్కలైంది. స్తంభాల మధ్య ఖాళీలో ఒక బోర్డు బిగించారు. 'కింద ఏమీ ఉంచరాదు. నీరు వెళ్ళే దారి.'

ఇల్లు బాగోలేదని నేననను. అంటే నా నోరు పుచ్చిపోతుంది. ఆ ఇంట్లో నేను మొదటిసారి వానచప్పుడు వింటూ గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాను. కానీ మా అత్తగారి మోకాళ్ళు అప్పటికే పనికి రాకుండా పోయాయి. గోడ పట్టుకుని గదిలో తిరిగేది కానీ మెట్లు దిగడం ఆవిడ వల్ల కాదు. మొదట్లో మా ఆయన, ఇస్త్రీ వదిన మొగుడూ కలిసి పొద్దున్నే ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దింపేవారు. మలుపు దగ్గర కుర్చీ గోడకి కొట్టుకునేది. "మెల్లగా రా, నేను గుండీల మూట కాదు," అని కేకలేసేది. ఇంజనీరమ్మ ఒకరోజు చూసి, "కుర్చీ ఒక్కటే అయితే ఫర్వాలేదులెండి. సాయంత్రం తీసేయండి," అంది. మెట్ల బదులు ఏటవాలు దారి వెయ్యలేరా అని అడిగాను. ఆ పిల్ల టేపు తీసి నిజంగానే కొలిచింది. అంత ఎత్తుకి ఏటవాలు దారి వెయ్యాలంటే వీధి దాటి ఎదురింట్లోకి పోతుందంది. "నాకూ బాధగానే ఉంది అక్కా," అంది. అబద్ధం చెప్పలేదని ఇప్పటికీ నమ్ముతాను.

మా ఆయన నీళ్ళ క్యాన్ల వ్యాను నడుపుతాడు. రోజంతా క్యాన్లు మోసి, సాయంత్రం తల్లిని మోసి, ఒకరోజు మలుపు దగ్గర నడుం పట్టేసి అక్కడే కూలబడ్డాడు. మా అత్తగారు కుర్చీలోంచే కొడుకు తల నిమురుతూ, "ఇక చాల్లేరా. నేను పైనే ఉంటా. కింద ఏముంది?" అంది. కొన్నాళ్ళు ఆపి మళ్ళీ దింపుదామనుకున్నాం.

పైన వరండాలో కూర్చుని కిందికి కేకేసేది. "ఏమయ్యా, మీవాడు మాట వింటున్నాడా?" కూరల బండాయన తలెత్తి, "పనుంది పెద్దమ్మా, మళ్ళీ వస్తా!" అని బండి తోసుకుని వెళ్ళిపోయేవాడు. పోస్టాయన చెయ్యి ఊపేవాడు. తలెత్తి మాట్లాడాలంటే మెడ నొప్పి పుట్టదూ? ఒక సూదికి దారం ఎక్కించడానికి అన్ని మెట్లు ఎవరెక్కుతారు? అందుకని నేనే తెలివిగా ఒక పని చేశాను. పొద్దున్నే వంట కాగానే డజను సూదులకి దారాలెక్కించి, గుడ్డముక్కకి వరసగా గుచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టేదాన్ని. పని చకచకా సాగేది. చొక్కాలు ముందుగానే అందించేస్తున్నానని పొంగిపోయాను.

ఆ ఏడు ఏరు పొంగింది. వీధిలో తక్కిన ఇళ్ళన్నీ ఇంకా నేలమీదే ఉన్నాయి. బడిదాకా ఎవరు నడుస్తారు, పక్కనే ఎత్తు ఇల్లు ఉండగా? పిల్లాజెల్లా, తట్టాబుట్టా, వీధి వీధంతా మా మెట్లెక్కి వచ్చేసింది. వరండాలో కాలు పెట్టే చోటు లేదు. కూరల బండాయన తడిసిన బస్తాతో సహా వచ్చాడు. ఇస్త్రీ వదిన ఇస్త్రీపెట్టెను చంటిపిల్లలా చంకనెత్తుకుని వచ్చింది. నా తల ప్రాణం తోకకొచ్చింది. ఉన్న గిన్నెలన్నిట్లో వండినా చాలలేదు. మా అత్తగారు మాత్రం పెళ్ళివారి మధ్య పెద్దరికం చేసినట్టు చేసింది. ఎవరెక్కడ పడుకోవాలో చెప్పింది. ఏడ్చే పిల్లలకి గుండీలిచ్చి ఆడించింది. నేను దారాలెక్కించిపెట్టిన సూదులన్నీ మొదటి పూటకే అయిపోతే, ఖాళీ సూది పట్టుకుని, "ఎవరి కళ్ళు బాగున్నాయర్రా?" అని కేక పెట్టింది. పదిచేతులు ముందుకొచ్చాయి. ఆవిడ అంతలా నవ్వడం నేను చూడలేదు. పళ్ళు లేని నోరు తెరిచి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వింది.

నీళ్ళు కాస్త తగ్గుముఖం పట్టగానే ఇంజనీరమ్మ పడవలో వచ్చింది. అందరి మధ్యా మా అత్తగారు నవ్వుతుండగా ఫోటో తీసుకుంది. "పెద్దమ్మా, ఇల్లు నచ్చిందా?" అని అడిగితే, "బంగారంలా ఉందమ్మా," అంది మా అత్తగారు.

మేం పొరబడింది అక్కడే. అందరం కలిసి పొరబడ్డాం. ఆవిడకి పైన అలవాటైపోయిందనుకున్నాం. మా ఆయన గుండె తేలికపడి, "అమ్మకి ఇల్లు నచ్చేసింది, ఇక దింపక్కర్లేదు," అన్నాడు. నేనూ అవునన్నాను. కుర్చీని పైన గది మూలకి తోసేశాను. ఆవిడ నవ్వు ఇల్లు చూసి కాదని, ఇంట్లోకొచ్చిన వీధిని చూసని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ ఫోటో పెద్దది చేసి ప్రాజెక్టు ఆఫీసులో పెట్టారట. అది చూసి ఎవరెవరో పెద్దవాళ్ళు మా ఇంటికి వచ్చేవారు. ఆవిడ చాపలు పరవమనేది. "కూర్చోండి బాబూ, కాస్త ఈ దారం ఎక్కించండి," అనేది. వాళ్ళు గోడలు తట్టి చూసి, వరండా ఎత్తు అడిగి, ఆవిడకి నమస్కారం పెట్టి వెళ్ళిపోయేవారు. సూది ఆవిడ చేతిలోనే ఉండిపోయేది.

మా ఇల్లు నెగ్గింది కాబట్టి వీధంతా లేపడానికి అనుమతి వచ్చింది. ఎండాకాలమంతా సిమెంటు దుమ్మే. ఎదురుగా ఇస్త్రీ వదిన ఇల్లు లేచింది, దాని పక్కది లేచింది, అటు చివరివి కూడా లేచాయి. వీధి మొహాలు వెలిగిపోతున్నాయి. మా అత్తగారు ఒక్కతే మొహం మాడ్చుకుని కూర్చునేది.

"అందరికీ అంత ఎత్తు ఎందుకే?" అంది ఒకరోజు.

"అదేం మాట అత్తయ్యా?"

"మనిల్లు ఉందిగా. ఏడాదికోసారి వచ్చే నీళ్ళకి అందరూ మనింటికొస్తే సరిపోదూ?"

నాకు ఒళ్ళు మండింది. మనం సుఖపడితే చాలా, పక్కవాళ్ళు మునిగిపోవాలా అని అరిచాను. ఆ మాట ఎలా పొక్కిందో వీధిలోకి పొక్కింది. ఇస్త్రీ వదిన మూతి ముడుచుకుని, "పెద్దమ్మకి కళ్ళు నెత్తికెక్కాయి. నమూనా ఇంటి మహారాణి కదా," అంది. నేను ఆవిడ తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. మా అత్తగారు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

వానలు మొదలయ్యేముందు ఆవిడ గ్లాసులు కొనమంది. చాపలు ఎండలో వేయించింది. ఉన్నది ముగ్గురం, ఇన్ని గ్లాసులెందుకని అడిగితే, "ఇంట్లో ఉంటే మంచిది," అంది. ముసలితనం చాదస్తమనుకుని కొనిచ్చాను. మబ్బు కమ్మినప్పుడల్లా, "ఈసారి వస్తుందంటావా?" అని అడిగేది. నీళ్ళంటే భయం ఇంకా పోలేదేమోనని జాలిపడి, "రాదులెండి, వచ్చినా మనకేం కాదు," అని ధైర్యం చెప్పేదాన్ని.

వచ్చింది. ముందటేడుకంటే ఎక్కువే వచ్చింది. పొద్దున్నే లేచి చూస్తే వీధి లేదు, ఏరే ఉంది. ఎవరి వరండాలో వాళ్ళు నిలబడి నవ్వుకుంటున్నారు. ఒక్క చెంచా పోలేదు, ఒక్క బట్ట తడవలేదు. కూరల బండాయన బండిని ముక్కలుగా విప్పి పైకి చేర్చేశాడు. ఇస్త్రీ వదిన వరండాలో బొగ్గులు రాజేసి ఇస్త్రీ కూడా మొదలుపెట్టింది. ఇలాంటి రోజు కోసమే కదా అందరం ఎదురుచూసింది అనుకుని నా కడుపు నిండిపోయింది. మా అత్తగారికి చెబుదామని వెనక్కి తిరిగాను.

వరండా పొడుగునా చాపలు పరిచి ఉన్నాయి. గోడ పట్టుకుని, వంగలేని నడుంతో, ఆవిడే ఒక్కొక్కటీ పరుచుకున్నట్టుంది. గోడవారగా కడిగిన గ్లాసులు బోర్లించి ఉన్నాయి. వాటి మధ్య కూర్చుని మెట్లవైపు చూస్తోంది. ఒళ్ళో సూదుల గుడ్డ. ముందురోజు నేను ఎక్కించిపెట్టిన దారాలన్నీ పక్కన ఉండలా పడి ఉన్నాయి. ఒక్క సూదికీ దారం లేదు. అన్నీ లాగేసింది.

అప్పుడు తెలిసింది నాకు. ఆవిడ ముందు చతికిలబడ్డాను.

"వాళ్ళు రారు అత్తయ్యా. ఎవరింట్లో వాళ్ళు బాగున్నారు."

"బాగున్నారు కదా," అంది. "అందరూ బాగున్నారు కదా?"

"బాగున్నారు."

"మంచిదేలే."

గొంతు పెంచి, ఎదురు వరండాలోకి కేకేసింది. "ఏమే, మీ ఆయన మాట వింటున్నాడా?" వానచప్పుడుకి సగం మాటలే చేరినట్టున్నాయి. ఇస్త్రీ వదిన చెయ్యూపి, ఇస్త్రీ బట్టలు చూపించి, "పనుంది పెద్దమ్మా!" అంది. కోపంతో కాదు, నిజంగానే పనుంది. నేను ఒక సూది తీసుకుని దారం ఎక్కించబోయాను. మా అత్తగారు నా చేతిలోంచి మెల్లగా తీసేసుకుంది.

"నీకు మాత్రం పని లేదూ? పో," అంది.

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పాను. ఆయన వెళ్ళి తల్లి పక్కన చాప మీద కూర్చుని, "నీళ్ళు తియ్యగానే నిన్ను కిందికి దింపుతానమ్మా. రోజూ దింపుతా. నా నడుం పోతే పోనీ," అన్నాడు. నేను ఎదురు వరండాకి వినపడేలా గొంతు చించుకుని వదిన మొగుణ్ణి అడిగాను. ఆయన వస్తానని చెయ్యెత్తాడు. మా అత్తగారు కొడుకు గడ్డం పట్టుకుని, "బురద ఆరనివ్వరా. జారిపడతారు," అంది. మొహం కాస్త తేటపడింది. నీలం చొక్కాకి ఏ గుండీలు బాగుంటాయో ఏరిపెట్టుకుంది కూడా, కింద కూర్చుని కుట్టడానికి.

బురద ఆరడానికి టైము పట్టింది. ఈలోగా ఆ చలిగాలికి ఆవిడకి రొమ్ము పట్టేసింది. మందులు వేశాం, డాక్టరు పైకొచ్చి చూశాడు. దగ్గు తగ్గలేదు. వీధి ఆరి, పోస్టాయన సైకిలు మళ్ళీ తిరగడం మొదలైన రోజు పొద్దున, నేను జావ తీసుకెళ్ళేసరికి ఆవిడ లేదు. కళ్ళు వరండావైపే ఉన్నాయి.

మంచం మీద దింపుదామంటే మెట్ల మలుపులో మంచం తిరగలేదు. మూలకి తోసేసిన కుర్చీ తెచ్చాం. మా ఆయన, ఇస్త్రీ వదిన మొగుడూ ఆవిడని అందులో కూర్చోబెట్టి, నడుముకి నా చీర చుట్టి, ఒక్కో మెట్టే దింపారు. మలుపు దగ్గర కుర్చీ గోడకి కొట్టుకుంది. మా ఆయన అలవాటు కొద్దీ ఆగాడు, తిట్టు కోసం. అక్కడే నిలబడి భోరుమన్నాడు.

కింద స్తంభాల మధ్య, రాతిమెట్టు ఉండే చోట, బోర్డు కిందే దింపాం. పైనున్న చాపలన్నీ తెచ్చి పరిచాను, దారాల్లేని ఆ సూదుల గుడ్డ ఆవిడ ఒళ్ళో పెట్టాను. వీధంతా వచ్చింది. కూరల బండాయన బండిని వీధి మొదట్లోనే వదిలేసి వచ్చాడు. పోస్టాయన ఉత్తరాల సంచీతోనే కూర్చుండిపోయాడు. ఇంజనీరమ్మ వచ్చి, బోర్డువైపు ఒకసారి చూసి, బూట్లు విప్పి చాప చివర కూర్చుంది. ఇస్త్రీ వదిన మా అత్తగారి ఒళ్ళోని గుడ్డలోంచి సూది తీసి, దారం చివర తడిచేసి ఎక్కించింది. పక్కనున్నవాళ్ళు ఇంకోటి తీసుకున్నారు. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఒక్కొక్కటీ చేతులు మారుతూ వెళ్ళింది. అన్ని సూదులకీ దారాలెక్కాయి.

తర్వాత అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు, ఆవిడతోనే. కూరల బండాయన కొడుకు మాట వింటున్నాడని చెప్పాడు. వదిన తన మొగుడి మీద చెప్పాల్సినవన్నీ చెప్పింది. పొద్దువాలింది, వీధిదీపాలు వెలిగాయి, ఆవిడ లోపలికి వెళ్ళే వేళ అయింది. ఎవరూ లేవలేదు. ఆ రోజు మా వీధిలో ఒక్కరికి కూడా పని లేదు.